పైలట్ చూట్‌ని అమ్మ కుట్టుమిషన్ మీద కుట్టొచ్చా? – మీ ప్రశ్నలకు జవాబులు

(నౌకాదళంలో పారాచూట్లు తనిఖీ చేసి మడిచే విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక విశాఖ మర్రిపాలెంలో టెంట్లు, పారాగ్లైడర్లు బాగుచేస్తున్న మా శీర్షిక నిర్వాహకులు ఈసారి పారాచూట్ కుట్టు గురించి వచ్చిన ఉత్తరాలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మాస్టారూ, వచ్చే ఏడాది ఎం.ఎస్. కోసం అమెరికాలో ఐడహో వెళ్తున్నాను. అక్కడ ట్విన్ ఫాల్స్‌లో పెర్రైన్ వంతెన మీంచి బేస్ జంప్ (విమానం లేకుండా వంతెనల మీంచో కొండల మీంచో పారాచూట్‌తో దూకడం) చేయడానికి పర్మిట్ అక్కర్లేదట. మొదటి తరం బేస్ జంపర్లు సామాను సొంతంగా కుట్టుకునేవాళ్ళని విన్నాను. నేను కూడా పైలట్ చూట్ (ప్రధాన పారాచూట్‌ని బయటికి లాగే చిన్న పారాచూట్), హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీలు) మా అమ్మ ఉషా మిషన్ మీద కుట్టుకోవచ్చా? పూర్ణా మార్కెట్‌లో పారాచూట్ గుడ్డ చవగ్గా దొరుకుతోంది.
– ఇంజినీరింగ్ విద్యార్థి, మధురవాడ

జవాబు: బాబూ, పైలట్ చూట్ తప్పకుండా కుట్టు. కానీ దాన్ని వేసుకుని దూకకు. హార్నెస్ జోలికి అసలు వెళ్ళకు.

పెర్రైన్ వంతెన ఎత్తు 486 అడుగులు. గాలి అడ్డుని లెక్కలోకి తీసుకోకపోతే అక్కణ్ణుంచి నీళ్ళదాకా పడడానికి పట్టేది ఐదున్నర సెకన్లు. విమానంలోంచి దూకేవాడి వీపు మీద రెండో పారాచూట్ ఉంటుంది. అమెరికాలో ఆ రిజర్వ్‌ని లైసెన్సున్న రిగ్గరే (పారాచూట్లు మడిచి, తనిఖీ చేసే నిపుణుడే) మడవాలి. బేస్‌లో ఉండేది ఒకటే పారాచూట్. అంత తక్కువ ఎత్తులో రెండోది ఉన్నా అది తెరుచుకునే టైం ఉండదు. నువ్వు చేత్తో విసిరిన పైలట్ చూట్ వెంటనే గాలి పట్టాలి, బ్రైడిల్ అనే పొడవాటి పట్టీని లాగాలి, పిన్నులు ఊడదీసి ప్రధాన పారాచూట్‌ని బయటికి ఈడ్చాలి. అందుకే ఎత్తు తగ్గేకొద్దీ పెద్ద పైలట్ చూట్ వాడతారు. ఎక్కువసేపు పడ్డాక తెరిచేవాళ్ళకి 36 అంగుళాలది సరిపోతే, గట్టు దాటగానే విసిరేవాళ్ళు 46, 48 అంగుళాలది తీసుకుంటారు. 36కీ 48కీ వైశాల్యంలో తేడా దాదాపు 1.8 రెట్లు.

ఇక గుడ్డ. బజార్లో పారాచూట్ గుడ్డ అని అమ్మేది బ్యాగులకీ రెయిన్‌కోట్లకీ వేసే రకం. నీకు కావాల్సింది రిప్‌స్టాప్ నైలాన్. అందులో దగ్గర దగ్గరగా లావు పోగుల గళ్ళు ఉంటాయి, చిరుగు మొదలైతే ఆ గడి దగ్గర ఆగుతుంది. పైభాగానికి గాలి చొరని జీరో పొరాసిటీ రకం వాడతారు, కిందిభాగానికి నెట్. ఆ నెట్ విషయంలో దోమతెర ముక్కతో సరిపెట్టొద్దు. 1980లలో అమెరికాలో కొన్ని గుండ్రటి రిజర్వ్ పారాచూట్ల నెట్‌లో ఆమ్లం మిగిలిపోయి, దాన్ని తాకిన నైలాన్ బలం పోగొట్టుకుంది. చూడడానికి గుడ్డలో ఏ తేడా కనబడదు. బ్రోమోక్రిసాల్ గ్రీన్ అనే ద్రావణం అద్ది, మారిన రంగుని బట్టి కనిపెట్టేవాళ్ళు. పారాచూట్ నెట్ అంటే ఎక్కడ తయారైందో, ఏ పరీక్షకి నిలిచిందో కాగితం ఉన్న నెట్.

కత్తిరింపు దగ్గరే సగం పని తేలిపోతుంది. పై వృత్తం, కింది వృత్తం ఒకే కొలతలో ఉండాలి. నెట్ మధ్యలో బ్రైడిల్ కలుస్తుంది, అక్కణ్ణుంచి నాలుగు టేపులు అంచులకి పోతాయి. వాటిని నిలువు పోగు, అడ్డ పోగు వెంటే వేయాలి. ఐమూలగా, దర్జీలు క్రాస్ అంటారే అలా పడితే, అక్కడ గుడ్డ సాగి ఆకారం వంకర పోతుంది. నాలుగింట్లో ఒక టేపు పొట్టిగా పడినా పైలట్ చూట్ నిలకడగా ఉండదు, గుండ్రంగా తిరుగుతూ లాగుతుంది. అలాంటి లాగుడికి ప్రధాన పారాచూట్ పక్కకి మళ్ళి తెరుచుకోవచ్చు. కొండ అంచున దూకినవాడికి పక్కకి మళ్ళడమంటే రాతి వైపు తిరగడమే.

అమ్మగారి మిషన్ పైలట్ చూట్ గుడ్డని కుట్టగలదు. 14 లేదా 16 నంబరు సూది, బాండెడ్ నైలాన్ దారం పెట్టు. జాకెట్లు కుట్టే దారం వద్దు. టెన్షన్ సరిచేసి, పై దారం బాబిన్ దారం గుడ్డ మందంలో కలిసేదాకా ముక్కల మీద కుట్టి చూడు. గుండుసూదులు గుచ్చకు, క్లిప్పులు పెట్టు. హార్నెస్ సంగతి వేరు. దానికి వాడే టైప్ 7 వెబ్బింగ్ (మందపాటి నేత పట్టీ) సుమారు 2500 కిలోల లాగుడు తట్టుకుంటుంది. దాని పొరలు కలిపి కుట్టడానికి సింగర్ 7 క్లాస్ లాంటి భారీ మిషన్, లావు దారం, నేర్చిన చెయ్యి కావాలి. ఇంటి మిషన్ సూది అక్కడ కుట్టు వేసినట్టే కనిపిస్తుంది, కానీ లోపలి పొరల్లో ముడి పడదు.

కుట్టాక మధ్యాహ్నం సముద్రపు గాలి బాగా వీచేటప్పుడు రుషికొండ బీచ్‌కి తీసుకెళ్ళు. బ్రైడిల్ చివర స్ప్రింగ్ త్రాసు కట్టి పట్టుకో. తిరుగుతోందా, ఊగుతోందా, ఎంత లాగుతోంది? పేరున్న తయారీదారు చేసిన అదే సైజుది దొరికితే పక్కన పెట్టి పోల్చు. నీది ఎక్కడ తక్కువైందో చూసి, కుట్లు విప్పి మళ్ళీ కుట్టు. ఇలా నేర్చుకున్నవాడు రేపు కొన్న సామాన్ని కూడా సరిగ్గా తనిఖీ చేయగలడు, అందుకే నిన్ను కుట్టమంటున్నాను. దూకేటప్పుడు మాత్రం ఈ పనే వృత్తిగా చేసేవాళ్ళు తయారుచేసినది వాడు.

మొదటి తరం కుట్టుకున్న మాట నిజమే. 1978లో బేస్ జంపింగ్‌కి ఆద్యుడైన కార్ల్ బోయినిష్ బృందం కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటాన్ కొండ మీంచి దూకేనాటికి బేస్ కోసమని సామాను తయారుచేసేవాళ్ళు లేరు. ఇవాళ ఉన్నారు. అక్కడికెళ్ళాక ముందు స్కైడైవింగ్ నేర్చుకో. బేస్ నేర్పేవాళ్ళు చాలామంది 200 జంపులైనా పూర్తిచేసి రమ్మంటారు. ఆ లోగా చెయ్యి ఊరుకోకపోతే పారాచూట్‌ని కుక్కి మోసుకెళ్ళే స్టాష్ బ్యాగు, పారాచూట్ మడిచేటప్పుడు కింద పరుచుకునే మ్యాట్ కుట్టుకో.

ప్రశ్న: అచ్యుతాపురం గార్మెంట్ కంపెనీలో చాలా ఏళ్ళుగా లైన్ మీద కుడుతున్నాను. పారాచూట్ కుట్టడం నేర్చుకుంటే పని దొరుకుతుందా?
– ఒక కుట్టు కార్మికురాలు

జవాబు: అమ్మా, మీ చేతి వేగం పనికొస్తుంది, కానీ రెండు అలవాట్లు మార్చుకోవాలి. ఓవర్‌లాక్, చెయిన్ కుట్టు ఇక్కడ బరువు మోసే చోట వాడరు. అవి ఒక చోట తెగితే జర్రున ఊడిపోతాయి. లాక్‌స్టిచ్, జిగ్‌జాగ్, బార్‌టాక్ మీద చెయ్యి తిరగాలి. రెండోది, దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందన్న నమ్మకం. సూది పడిన ప్రతిచోటా వెబ్బింగ్ పోగులు దెబ్బతింటాయి, చిల్లులు మరీ దగ్గరైతే తపాలా బిళ్ళల షీటులా ఆ వరస వెంటే చిరుగుతుంది. అంగుళానికి ఎన్ని కుట్లో, ఏ దారమో డ్రాయింగులో రాసి ఉంటుంది, దాన్ని అలాగే పాటించాలి.

దేశంలో ఈ పనికి పెద్ద చోటు కాన్పూర్‌లోని ఆర్డ్‌నెన్స్ పారాచూట్ ఫ్యాక్టరీ. 1941 నాటిది. 2021 నుంచి గ్లైడర్స్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది. డిజైన్ పని ఆగ్రాలోని ఏడీఆర్‌డీఈ అనే డీఆర్‌డీఓ ప్రయోగశాల చూస్తుంది. అంత దూరం వెళ్ళలేనంటే, పోర్టులకీ ఫ్యాక్టరీలకీ కావాల్సిన లిఫ్టింగ్ స్లింగులు, సేఫ్టీ బెల్టులు, లైఫ్ జాకెట్లు కుట్టేవాళ్ళ దగ్గర అడగండి. అదీ వెబ్బింగ్ పనే. అక్కడా మీ కుట్టు మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది. నిజాయితీగా కుట్టేవాళ్ళు అందులోకి ఎక్కువమంది రావాలని నా కోరిక.

ప్రశ్న: మా అబ్బాయి విదేశంలో బేస్ జంపింగ్ మొదలుపెట్టాడు. ఫోన్ ఎత్తకపోతే చాలు, నాకు టెన్షన్. ఏం చెయ్యను?
– ఒక తల్లి, కంచరపాలెం

జవాబు: అమ్మా, టెన్షన్ పడొద్దని చెప్పలేను. ఇది ప్రమాదమైన పనే. మానేయమని అడిగే హక్కు మీకుంది, ఒకసారి గట్టిగా అడగండి. మానకపోతే కొన్ని విషయాలు కనుక్కోండి. ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాడు? పారాచూట్ మడిచాక ఇంకొకరు చూస్తున్నారా? గాలి బాగా లేని రోజు మెట్లు దిగి వెనక్కి వచ్చాడా? ఈ చివరి ప్రశ్నకి అవునన్నాడంటే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు.

ప్రశ్న: మా పారాగ్లైడర్ సముద్రపు నీళ్ళలో తడిసింది. ఎండబెట్టి వాడొచ్చా?
– భీమిలి

జవాబు: ఎండలో వద్దు, ఎండ నైలాన్‌ని తినేస్తుంది. ముందు మంచినీళ్ళలో రెండు మూడుసార్లు ముంచి తీయండి. ఉప్పు లోపలే ఎండితే ఆ పలుకులు పోగుల్ని కోస్తాయి. పిండొద్దు, సబ్బు వద్దు. నీడలో, గాలి ఆడేచోట వేలాడదీసి, సెల్‌ల (రెక్కలోని గాలి గదుల) లోపల ఇసుక దులపండి. దారాలు డైనీమా అనే సన్నటి కృత్రిమ పోగువైతే వేడి తగలనివ్వకండి, సుమారు 147 డిగ్రీలకే కరిగిపోతాయి. కాబట్టి ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ దగ్గరికి రానివ్వొద్దు. పూర్తిగా ఆరాక వదులుగా మడిచి మర్రిపాలెం పట్టుకురండి, దారాల పొడవులు కొలిచి చూస్తాను.