ఢీకొంటున్న గెలాక్సీ క్లస్టర్ల ఫొటో హాల్లో పెట్టాలంటే

హన్మకొండలో కొత్త ఇంటి హాల్లో పెద్ద గోడ ఖాళీగా ఉందని, అక్కడ ఢీకొంటున్న గెలాక్సీ క్లస్టర్ల, అంటే గెలాక్సీల పెద్ద గుంపుల, ఫొటో పెట్టాలని ఉందని రాశారు. ఏ ఫొటో బాగుంటుంది, ఆ రంగులు నిజమైనవేనా, మన దగ్గర ప్రింట్ సరిగ్గా వస్తుందా అని అడిగారు. "గుద్దుకునే బొమ్మ ఇంట్ల ఎందుకు" అని మీ అత్తమ్మ అంటున్నారనీ చెప్పారు. నేను కాజీపేటలో ఉంటాను, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మా హాల్లో కొన్నేళ్లుగా ఇలాంటి ఫొటోనే ఉంది.

నా ఓటు బుల్లెట్ క్లస్టర్‌కి, అంటే ఢీకొని ఒకదాంట్లోంచి ఒకటి దాటిపోయిన రెండు క్లస్టర్ల జంటకి. 2006 ఆగస్టులో నాసా అంతరిక్ష టెలిస్కోప్ చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీ వాళ్లు విడుదల చేసిన ఫొటో అది. ఇదే క్లస్టర్‌ని జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో తీసిన ఫొటో 2025లో వచ్చింది. అందులో చిన్న చిన్న గెలాక్సీలు చాలా ఎక్కువ కనిపిస్తాయి, దగ్గరికెళ్లి చూసేవాళ్లకి అది పండగే. కానీ హాల్లో సోఫాలో కూర్చుని చూసేవాళ్లకి ఏం జరిగిందో ఒక్క చూపులో తెలిసేది పాతదాంట్లోనే అని నా అభిప్రాయం. మధ్యలో రెండు గులాబీ మబ్బులు, వాటికి అటూ ఇటూ రెండు నీలం మబ్బులు. కుడివైపు గులాబీ మబ్బు అంచు తూటా మొనలా ఉంటుంది, పేరు దానివల్లే వచ్చింది.

రంగుల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ మిమ్మల్ని అడిగేది ఇదే. నారింజ, తెలుపు చుక్కలుగా కనిపించేవి గెలాక్సీలు. వాటిని అంతరిక్షంలోని హబుల్ టెలిస్కోపు, చిలీలో ఉన్న మెగలన్ టెలిస్కోపులు మామూలు వెలుగులో తీశాయి. గులాబీ రంగు వేసింది కోట్ల డిగ్రీల వేడిలో ఉన్న వాయువుకి. అంత వేడి వాయువు ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. అవి మన కంటికి కనిపించవు, భూమి వాతావరణాన్ని దాటి కిందికీ రావు. అందుకే 1999లో చంద్రను అంతరిక్షంలోకి పంపారు. మన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన టెలిస్కోప్ తీసిన ఫొటో గోడ మీద ఉందని పిల్లలకి చెప్పడం నాకు చాలా ఇష్టం.

ఇక నీలం. అది ఏ కెమెరాకీ నేరుగా చిక్కిన వెలుగు కాదు. బాగా వెనక ఉన్న గెలాక్సీల ఆకారాలు ఈ క్లస్టర్ బరువు వల్ల కొద్దిగా సాగి, వంగి కనిపిస్తాయి. ఆ వంపులు కొలిచి, బరువు ఎక్కడెక్కడ ఉందో లెక్కగట్టి, అక్కడ నీలం వేశారు. కాబట్టి గులాబీ, నీలం రంగులు మనుషులు ఎంచుకున్నవే. అవి ఎక్కడ ఉండాలన్నది మాత్రం కొలిచి పెట్టింది, ఎవరి ఊహా కాదు.

ఇందులో అసలు విశేషం అర్థం కావాలంటే, ఎండాకాలం మట్టిబాట మీద రెండు గొర్రెల మందలు ఎదురెదురుగా వచ్చాయనుకోండి. గొర్రెలు సందుల్లోంచి తప్పుకుని అటూ ఇటూ దాటిపోతాయి, రెండువైపుల దుమ్మూ నడిమిట్ల కలిసిపోయి అక్కడే ఆగుతుంది. గెలాక్సీలు దాటిపోయాయి, వాయువు ఒకదానికొకటి తగిలి వెనకబడింది. క్లస్టర్‌లో మామూలు పదార్థంలో ఎక్కువ భాగం ఈ వాయువే, గెలాక్సీల్లోని నక్షత్రాలన్నీ కలిపినా అంత ఉండవు. ఈ మామూలు పదార్థమే మొత్తం అయితే బరువు గులాబీ దగ్గరే తేలాలి. కానీ నీలం గెలాక్సీలతోపాటు ముందుకు వెళ్లిపోయింది. వెలుగు ఇవ్వని, ఏదీ తగలని మరో పదార్థం, అంటే డార్క్ మ్యాటర్, ఉందనడానికి చూపించే గట్టి ఆధారాల్లో ఇదొకటి. డార్క్ మ్యాటర్ అంటే ఏమిటని క్లాసులో ఎవరైనా అడిగితే బోర్డు మీద మొదట ఈ నాలుగు మబ్బులే గీస్తాను.

మీ అత్తమ్మగారి మాటని తేలిగ్గా తీసుకోకండి. యుద్ధం బొమ్మలు ఇంట్లో పెట్టొద్దని మా అమ్మ కూడా అంటుంది. అమ్మకి నేను చెప్పింది ఇదీ: ఒక నక్షత్రానికీ ఇంకో నక్షత్రానికీ మధ్య దూరం ఎంత ఎక్కువంటే, గెలాక్సీలు ఒకదాంట్లోంచి ఒకటి వెళ్లినా నక్షత్రాలు గుద్దుకోవడం దాదాపు జరగదు. దాటిపోయిన రెండు క్లస్టర్లనూ గురుత్వాకర్షణ మళ్లీ వెనక్కి లాగుతుంది, చివరికి రెండూ ఒకే పెద్ద క్లస్టర్ అవుతాయి. "అయితే కలుస్తున్నయన్న మాట" అంది, అంతే, మళ్లీ వద్దనలేదు. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో తొమ్మిది, పది గంటలప్పుడు ఆమెను మేడ మీదికి తీసుకెళ్లి దక్షిణం వైపు కిందుగా మెరిసే అగస్త్య నక్షత్రం చూపించండి. దానికి కొంచెం ఎడమగా, ఇంకాస్త కిందుగా ఉంటుంది ఈ క్లస్టర్. సుమారు 380 కోట్ల కాంతి సంవత్సరాల దూరం కాబట్టి కంటికి ఏమీ కనిపించదు. అయినా ఏ దిక్కున ఉందో తెలిసినప్పటి నుంచి మా అమ్మే వచ్చినవాళ్లకి ఫొటో గురించి చెప్తోంది.

ప్రింట్ విషయానికొస్తే, ఫ్లెక్స్ షాపుకి మాత్రం వెళ్లకండి. ఫ్లెక్స్ మీద నలుపు బూడిద రంగులోకి దిగుతుంది, ఈ ఫొటోకి ప్రాణమే నలుపు. కాన్వాస్ చూడ్డానికి రిచ్‌గా ఉంటుంది గానీ బట్ట నేత గీతల్లో చిన్న గెలాక్సీలు కలిసిపోతాయి. పెళ్లి ఆల్బమ్‌లు చేసే డిజిటల్ ల్యాబ్ మంచిది, హన్మకొండలోనూ వరంగల్‌లోనూ చాలా ఉన్నాయి. ఫొటో పేపర్ మీద ప్రింట్, పైన మ్యాట్ లామినేషన్ అడగండి. గ్లాసీ అయితే రాత్రి ట్యూబ్‌లైట్ తప్ప ఏమీ కనిపించదు.

ల్యాబ్ ఆపరేటర్‌కి ఒక మాట ముందే చెప్పాలి: "కరెక్షన్ ఏమీ చేయొద్దు." పెళ్లి ఫొటోల అలవాటులో వాళ్లు బ్రైట్‌నెస్ పెంచుతారు, చుక్కలు దుమ్మనుకుని క్లీన్ చేస్తారు. ఆ చుక్క ఒక్కొక్కటీ ఒక గెలాక్సీ! ముందు చిన్న ముక్క టెస్ట్ ప్రింట్ తీయించి, పగటి వెలుగులో చూసి, తర్వాత పెద్దది ఇవ్వండి.

ఫైల్ చంద్ర వెబ్‌సైట్‌లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది దించుకోండి. 24×36 అంగుళాలకి 3600×5400 పిక్సెళ్లు ఉంటే అంగుళానికి 150 వస్తాయి, గోడ మీదికి చాలు. అన్ని లేకపోతే సైజు తగ్గించండి, సాగదీయొద్దు. ల్యాబ్‌కి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. వాట్సాప్‌లోనే పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా పంపితే సగం వివరం పోతుంది. నాసా ఫొటోలు ఇంట్లో పెట్టుకోవడానికి సాధారణంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు, కింద క్రెడిట్ రాయడం మర్యాద.

ఫ్రేమ్ కట్టేటప్పుడు అద్దానికీ ప్రింట్‌కీ మధ్య మౌంట్ బోర్డు పెట్టించండి, లేదంటే వానాకాలం తేమకి రెండూ అతుక్కుంటాయి. ఎండ నేరుగా పడే గోడ వద్దు, మన దగ్గర మే నెల ఎండకి ముందు వెలిసేది గులాబీ రంగే.

మీ గోడ బాగా పొడవుగా ఉంటే మాత్రం పండోరా క్లస్టర్ చూడండి, అబెల్ 2744 అని వెతికితే దొరుకుతుంది. 2023లో వెబ్ తీసిన ఆ పనోరమాలో దాదాపు 50,000 వెలుగు చుక్కలు ఉన్నాయి. గులాబీ, నీలం మబ్బులు ఉండవు కాబట్టి కథ చెప్పడం కష్టం, కానీ పిల్లలు దాని ముందు చాలాసేపు నిలబడతారు. గోడ కొలతలు రాస్తే ఏ సైజు సరిపోతుందో చెప్తాను.