మస్టాంగ్ జీటీనా, ఎకోబూస్టా? ముందు బ్రేకుల సంగతి చూడండి

మీరు అడిగింది ఇది: ఆస్టిన్‌లో ఉంటారు, రోజూ ఆఫీసుకి, నెలకోసారి లాంగ్ డ్రైవ్‌కి కారు కావాలి, 2018 నుంచి 2023 లోపు సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ మస్టాంగ్ చూస్తున్నారు. నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్ ఉన్న మామూలు ఎకోబూస్ట్ చాలా, లేక ఇంకో పది వేల డాలర్లు పెట్టి ఎనిమిది సిలిండర్ల వీ8 జీటీ తీసుకోవాలా అని.

నేను రెండూ వాడాను. 2016 ఎకోబూస్ట్ మూడేళ్ళు నడిపి, 2019లో దాన్ని మా తమ్ముడికి ఇచ్చేసి, 2018 జీటీ కొన్నాను. ఇప్పటికీ అదే నా కారు. ఇంజిన్ల వాదన ఎక్కడ చూసినా ఉంది, నేను మళ్ళీ ఎత్తుకోను. ఏ ఇంజిన్ అన్నది తర్వాత, ఆ కారు దేంతో ఆగుతుందో ముందు చూడండి అంటాను. పర్ఫార్మెన్స్ ప్యాకేజ్ (పెద్ద బ్రేకులు, మెరుగైన టైర్లు కలిపి ఫోర్డ్ అదనపు డబ్బుకి ఇచ్చేది) ఉన్న ఎకోబూస్ట్, ఆ ప్యాకేజ్ లేని జీటీ కంటే మంచి కారు. జీటీ ఉన్నవాళ్ళకి ఈ మాట నచ్చదని తెలుసు. అయినా అనుభవించి చెబుతున్నాను.

2019 ఆగస్టు, శనివారం. సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో ట్రాక్ డే. ఎఫ్1 కార్ల రేసులు చూసేవాళ్ళకి ఆ ట్రాక్ బాగా తెలుసు. మన ఎయిర్‌పోర్ట్ దాటి ఇంకొంచెం వెళ్తే వస్తుంది, 3.4 మైళ్ళు, 20 మలుపులు. ఇలాంటి రోజుల్లో మనలాంటి వాళ్ళు కూడా డబ్బు కట్టి, సొంత కారు, హెల్మెట్ తీసుకెళ్ళి నడపొచ్చు. కొత్తవాళ్ళకి పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు. అంతకు ముందు ఏడాది అదే ట్రాక్ మీద ఎకోబూస్ట్‌తో రెండు రోజులు తిరిగాను. ఎండకి టర్బో వేడెక్కి, పావుగంట అయ్యేసరికి పికప్ తగ్గిపోయేది. అదొక్కటే దాని లోపం. బ్రేకులు మాత్రం ఏ రోజూ మొరాయించలేదు. అది పర్ఫార్మెన్స్ ప్యాకేజ్‌తో వచ్చిన కారు. జీటీకి ఆ ప్యాకేజ్ లేదు. కొనేటప్పుడు అడిగితే "ఇంజిన్ అదే కదా, ప్యాకేజ్‌తో ఏం పని" అన్నాడు అమ్మిన మనిషి. 460 హార్స్‌పవర్ కళ్ళ ముందు కనిపిస్తుంటే నేనూ సరే అన్నాను.

పొద్దున కారు చెక్ చేసేటప్పుడు ఒక ఫారం ఇస్తారు. అందులో గత ఆరు నెలల్లో బ్రేక్ ఆయిల్ మార్చారా అని ఒక గడి ఉంటుంది. ఎనిమిది వేల మైళ్ళే తిరిగిన కారు కదా అని టిక్ పెట్టేశాను. తప్పు చేశాను. మీరెవరూ ఆ పని చేయకండి.

భోజనాలయ్యాక మూడో సెషన్. బయట 38 డిగ్రీలు. నా పక్కన రిటైరైన ఒక పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా ట్రాక్‌ల మీద తిరుగుతున్న మనిషి. మొదటి రెండు ల్యాపులు బాగున్నాయి. మూడో ల్యాపులో 12వ మలుపు దగ్గర పెడల్ మామూలుకన్నా ఒక అంగుళం కిందికి పోయినట్టనిపించింది. పట్టించుకోలేదు. నాలుగో ల్యాపు. 11వ మలుపు ఇరుకైన హెయిర్‌పిన్, అంటే వెనక్కి మళ్ళే మలుపు, అది తిరిగితే ఎదురుగా కిలోమీటరు పైన స్ట్రెయిట్. సెకండ్, థర్డ్, ఫోర్త్ పడ్డాయి. వీ8 ఆ రోడ్డు మీద పాడే పాట వేరు. మీటరు 132 మైళ్ళు చూపిస్తోంది. బ్రేకు ఎక్కడ వేయాలో చూపే బోర్డు వచ్చింది, కాలు వేశాను.

పెడల్ మెత్తగా, ఏ అడ్డూ లేకుండా నేలకి ఆనుకుంది. కారు ఆగడం లేదు. బూటు కింద కార్పెట్ తగిలింది. ఆ స్పర్శ ఇప్పటికీ నా పాదానికి గుర్తుంది.

"పంప్! పంప్!" అని పెద్దాయన అరిచాడు. తీసి తీసి మూడుసార్లు తొక్కాను. మూడోసారికి సగం బ్రేకు పట్టింది. ఎడమకి తిప్పే వేగం కాదది. ఆయన చేత్తో నేరుగా ముందుకి చూపించాడు. స్టీరింగ్ కదపకుండా, ఎరుపూ నీలం చారలు వేసిన ఆ విశాలమైన రనాఫ్‌లోకి, అంటే అదుపు తప్పిన కార్ల కోసం ట్రాక్ పక్కన వదిలిన ఖాళీ జాగాలోకి పోనిచ్చాను. కారు ఆగింది. అదే చోట చెట్టో గోడో ఉండి ఉంటే ఈ జవాబు రాసేవాణ్ణి కాదు.

మెల్లగా లోపలికి తెచ్చి పార్క్ చేస్తూ హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి వేశాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు. బ్రేక్ డిస్కులు కాలిపోతున్నప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగితే ప్యాడ్లు వాటికి అంటుకుపోతాయట. గేరులో ఉంచి, టైరు కింద చెక్క దిమ్మ పెట్టాం. ముందు చక్రాల దగ్గర ఘాటైన మాడు వాసన. డిస్కు పైన గాలి వణుకుతూ కనిపిస్తోంది. అరచెయ్యి జానెడు దూరంలోకి తీసుకెళ్తే చాలు, పొయ్యి దగ్గర పెట్టినట్టుంది.

ఏం జరిగిందంటే బ్రేక్ ఆయిల్ మరిగింది. అది గాలిలోని తేమని మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. తేమ పట్టాక అది 155కే మరగొచ్చు. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కితే కొంత దూరం లోపలికి పోతుందే, పెడల్ కూడా అలాగే పోతుంది. మన బలం బుడగల్ని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు.

పాత ఆయిల్ ఉంచడం నా తప్పు. కానీ అసలు లెక్క ఆ సాయంత్రం పెద్దాయన కాగితం మీద వేసి చూపించాడు. ప్యాకేజ్ లేని జీటీకి ముందు డిస్కులు 352 మిల్లీమీటర్లవి. ప్యాకేజ్ ఉన్న ఎకోబూస్ట్‌కీ అవే 352. అంటే నా పాత కారుకీ కొత్త కారుకీ ముందు బ్రేకులు ఒకటే! కానీ ఆ స్ట్రెయిట్ చివర ఎకోబూస్ట్ 118 మైళ్ళు అందుకునేది, జీటీ 132 అందుకుంది. బ్రేకు మింగాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పైగా జీటీ దాదాపు 80 కిలోలు ఎక్కువ బరువు. రెండూ కలిపితే ఆ స్ట్రెయిట్ చివర బ్రేకు వేసిన ప్రతిసారీ అదే డిస్కు మీద సుమారు 30 శాతం ఎక్కువ వేడి. టైర్లు మరీ అన్యాయం. ప్యాకేజ్ ఉన్న ఎకోబూస్ట్‌కి 255 మిల్లీమీటర్ల వెడల్పు సమ్మర్ టైర్లు, 19 అంగుళాల చక్రాలు వచ్చాయి. 460 హార్స్‌పవర్ జీటీకి ప్యాకేజ్ లేకపోతే 235 ఆల్ సీజన్ టైర్లు, 18 అంగుళాల చక్రాలు. బలం ఎక్కువున్న కారుకి పట్టు తక్కువ ఇవ్వడం ఏం పద్ధతో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జీటీకి పర్ఫార్మెన్స్ ప్యాకేజ్ ఉంటే సంగతి వేరు. ముందు 380 మిల్లీమీటర్ల డిస్కులు, ఆరు పిస్టన్ల బ్రెంబో కంపెనీ క్యాలిపర్లు (డిస్కుని నొక్కి పట్టే భాగాలు), పెద్ద రేడియేటర్, రెండు వెనక చక్రాలకీ బలం సరిగ్గా పంచే టార్సెన్ డిఫరెన్షియల్, 2018 నుంచి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ టైర్లు. అదీ అసలు జీటీ. తర్వాత నేను ఆ బ్రేకులు విడిగా కొని వేయించుకున్నాను. 380 డిస్కు కారుతో వచ్చిన 18 అంగుళాల చక్రంలో పట్టదు, కాబట్టి చక్రాలూ మార్చాలి, చక్రాలు మారిస్తే టైర్లూ మార్చాలి. అంతా కలిపి నాలుగు వేల డాలర్లు దాటింది. ముందే ప్యాకేజ్ ఉన్న కారు వెతుక్కుని ఉంటే అందులో సగం కూడా అయ్యేది కాదు.

"నేను ట్రాక్‌కి వెళ్ళను, నాకెందుకు ఇదంతా" అంటారేమో. మీరు ఆస్టిన్‌లో ఉన్నారు, పక్కనే 130 టోల్ రోడ్డుంది. మస్టాంగ్ రిడ్జ్ నుంచి సెగీన్ దాకా దాని మీద వేగపరిమితి గంటకి 85 మైళ్ళు. అమెరికా మొత్తంలో అంతకంటే ఎక్కువ పరిమితి ఇంకెక్కడా లేదు. అంటే చట్టప్రకారమే 137 కిలోమీటర్ల వేగంతో పోతారు. రాత్రిపూట రెండు పక్కలా చీకటి, పొదలు, జింకలు. మా తమ్ముడు శాన్ ఆంటోనియోలో ఉంటాడు, మా ఇంటికి ఆ దారినే వస్తాడు. ఒక రాత్రి పదకొండింటికి లాక్‌హార్ట్ దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. లేన్ మధ్యలో లారీ టైరు ముక్క, మనిషంత పొడుగుది, పడి ఉందట. పక్క లేన్‌లో ట్రక్కు. "అన్నయ్యా, ఆగింది, ఇంకో రెండు కార్ల దూరం మిగిలింది" అన్నాడు, గొంతు వణుకుతూ. అది నేనిచ్చిన ఎకోబూస్టే. ఆ ఫోన్ వచ్చినప్పట్నుంచి ఈ విషయంలో నాతో ఎవరూ వాదించి గెలవలేదు.

ఇక్కడే నా బాధ ఇంకొకటి చెప్పుకోవాలి. సీడర్ పార్క్, లియాండర్ వైపు మన వాళ్ళ పార్టీలకి వెళ్తే, కారు చూడగానే మొదటి ప్రశ్న "ఎంత పడింది?" రెండోది "సున్నా నుంచి అరవైకి ఎన్ని సెకన్లు?" అరవై నుంచి సున్నాకి ఎన్ని అడుగులు పడుతుందని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. వేల డాలర్లు పెట్టి ఎగ్జాస్ట్ మార్పిస్తారు, కాలనీ అంతా నిద్ర లేచేలా చప్పుడు చేస్తారు. కిందికి వంగి చూస్తే అరిగిపోయిన టైర్లు, లేదా నాలుగూ కలిపి మూడు వందల డాలర్లకి దొరికిన ఊరూ పేరూ లేని టైర్లు. పైన పటారం, లోన లొటారం. వేసవంతా ఎండిన రోడ్డు మీద మొదటి వాన పడిన రోజున 183 హైవే మీద ఇలాంటి కార్లు గుండ్రంగా తిరిగి డివైడర్‌కి కొట్టుకోవడం నా కళ్ళతో రెండుసార్లు చూశాను. రెండిట్లోనూ పాతికేళ్ళు నిండని పిల్లలు. దెబ్బలు తగల్లేదు, అదృష్టం.

టైర్ల విషయంలో ఒక జాగ్రత్త. సమ్మర్ టైర్లు 7 డిగ్రీల కంటే చలి పడితే గట్టిపడి పట్టు వదిలేస్తాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు నా కారు గరాజ్‌లోంచి కదల్లేదు, మా ఆవిడ ఎస్‌యూవీతోనే పని గడిపాం. ఇంట్లో ఇంకో కారు లేకపోతే మంచి కంపెనీ ఆల్ సీజన్ టైర్లు వేయించుకోండి, కానీ వెడల్పు తగ్గించకండి.

ఇంత చెప్పాక వీ8 మీద నాకు ప్రేమ లేదనుకోకండి. అది 7,500 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, మధ్యలో ఎక్కడా ఆయాసపడదు. సెకండ్ గేరులో నలభై మైళ్ళకి వెళ్తున్నప్పుడు కూడా కాలు కదిపితే తక్షణం పలుకుతుంది. ఎకోబూస్ట్‌లో టర్బో అందుకునేదాకా అర క్షణం ఆగాలి, పైగా ఇంజిన్ శబ్దాన్ని స్పీకర్లలోంచి కలిపి వినిపిస్తారు. ఆ దొంగ శబ్దం నాకు మొదటి రోజు నుంచీ పడలేదు. ఇండియాలో అయితే మీకు ఈ సందేహమే రాదు: 2016లో అక్కడ 65 లక్షల ధరతో వచ్చింది జీటీ ఒక్కటే, ఎకోబూస్ట్ అమ్మలేదు. మా బావ విజయవాడలో ఉండి నా కారు వీడియోలు అడిగి తెప్పించుకునేది ఆ శబ్దం కోసమే. మీకూ ఆ శబ్దమే కావాలనిపిస్తే జీటీయే కొనండి, నేను వద్దనను. ప్యాకేజ్ ఉన్నది కొనండి.

మీరు చెప్పిన వాడకానికి మాత్రం నా జవాబు ఎకోబూస్ట్, పర్ఫార్మెన్స్ ప్యాకేజ్‌తో. 310 హార్స్‌పవర్ ఆఫీసుకి పోవడానికీ, ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు కొండల్లో తిరగడానికీ కావలసినదానికంటే ఎక్కువే. 2020 మోడల్ నుంచి దానికి హై పర్ఫార్మెన్స్ ప్యాకేజ్ అని ఇంకొకటి కూడా వచ్చింది, ఫోర్డ్ వాళ్ళదే ఇంకో కారు ఫోకస్ ఆర్ఎస్ ఇంజిన్ ఆధారంగా చేసినది, 332 హార్స్‌పవర్, బ్రేకులు ఆ 352వే. అది దొరికితే వదలకండి. మాన్యువల్ గేర్లు ఇష్టమైతే 2023 లోపు మోడళ్ళలోనే చూసుకోండి, 2024 నుంచి ఎకోబూస్ట్‌కి మాన్యువల్ తీసేశారు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఒక్క రోజు ట్రాక్ మీద ఇన్‌స్ట్రక్టర్‌తో నడపండి. బ్రేకు పూర్తిగా తొక్కితే ఎలా ఉంటుందో చాలామందికి జీవితంలో తెలియదు. వెళ్ళేముందు బ్రేక్ ఆయిల్ మార్పించండి. మామూలు కారు ఇన్సూరెన్స్ ట్రాక్ మీద జరిగినదానికి సాధారణంగా వర్తించదు, ఆ రోజుకి విడిగా తీసుకోవాలి.

చూడ్డానికి వెళ్ళినప్పుడు చక్రాల సందులోంచి ఫోన్ లైటు వేసి ముందు క్యాలిపర్ చూడండి. జీటీకి అక్కడ బ్రెంబో అని రాసి ఉండాలి, చక్రాలు 19 అంగుళాలవి ఉండాలి. తర్వాత వేరేవి బిగించి అమ్మేవాళ్ళూ ఉంటారు కాబట్టి, కారు కొత్తగా వచ్చినప్పటి విండో స్టిక్కర్ (కారుతో ఏమేం వచ్చాయో రాసి ఉండే కాగితం) అడగండి. అడ్వాన్స్ కట్టేముందు ఆ స్టిక్కర్ ఫొటో కింద కామెంట్‌లో పెట్టండి, కారు గుర్తింపు నంబర్లు మాత్రం చెరిపేసి. ప్యాకేజ్ ఉందో లేదో ఆ రోజే చూసి చెబుతాను.