ఉపవాసం సంగతి సరే, పాప కాలేజీ సంగతి చెప్పండి

ఉత్తరం: మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. మా ఆయనకి 44 ఏళ్ళు. ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్. తిత్లీ తుఫానులో కొబ్బరితోట పోయింది. పింఛను 10,000 వస్తోంది, నేను జీడిపిక్కల పనికి వెళ్తాను. పెద్దపాప ఇంటర్ రెండో ఏడు. సోమ, బుధ, శుక్రవారాలు వాళ్ళ నాన్నతో ఆసుపత్రికి అదే వెళ్తుంది. బంగారుతల్లి, ఒక్కమాట అనదు. మరిది మా వీధిలోనే ఉన్నాడు, ఆటో ఉంది. తోట పరిహారం పంపకంలో మాటామాటా వచ్చింది, అడగడం నాకు నామోషీ. ఈమధ్య బైబిలు తెరిస్తే ఏమీ లోపలికి దిగడం లేదు. విశ్వాసంలో చల్లారిపోయానా? ఇంట్లో దాచిన పాపం ఏదో ఉందని, దంపతులిద్దరూ 21 రోజులు ఉపవాస ప్రార్థన చెయ్యాలని సంఘంలో ఒక పెద్దావిడ అంటున్నారు. చెయ్యమంటారా?

జవాబు:

అమ్మా, మీ ఆయన ఉపవాసం ఉండకూడదు. ఒక్క పూట కూడా. పగలంతా బీపీ మాత్రలు మానేసి, సాయంత్రం కొబ్బరినీళ్ళతోనో బత్తాయి రసంతోనో ఉపవాసం విడుస్తారు. ఆ రెండింట్లోనూ పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచెయ్యని ఒంట్లోంచి అది బయటికి పోయే దారి లేదు. రక్తంలో పెరిగిందంటే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఏ సూచనా లేకుండా ఆగిపోతుంది. ప్రార్థన కూడిక కోసం ఒక్కసారి డయాలసిస్ మానేద్దామని ఎవరైనా అంటే, ఎంత పెద్దవారైనా సరే, కుదరదని చెప్పండి.

పాపం సంగతి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ చెయ్యలేదు, వీడి తల్లిదండ్రులూ చెయ్యలేదన్నాడు ప్రభువు. కష్టాల్లో పడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, నోరు విప్పి కారణాలు చెప్పాకే తప్పు చేశారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ళమీదే. ఉద్దానంలో దశాబ్దాలుగా ఊరూరా ఈ కిడ్నీ జబ్బు ఉంది, ఇదీ కారణం అని శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు. ఆ పెద్దావిడ తేల్చేశారా?

మీరు గమనించాల్సింది ఆదివారం. శుక్రవారం మిషను దిగాక మళ్ళీ సోమవారమే. వారంలో అన్నిటికన్నా పొడుగు ఎడం అదే, ప్రమాదం ఎక్కువా అప్పుడే. సరిగ్గా ఆ మధ్యలో వస్తుంది మన ఆరాధన: టీ, ప్రేమవిందులో సాంబారు, మజ్జిగ, ఎవరో అభిమానంగా కొట్టిచ్చే బొండం. డాక్టరు చెప్పిన రోజు కొలత నీళ్ళు పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టండి. ఆయన గ్లాసుడు టీ తాగితే సీసాలోంచి గ్లాసుడు తీసెయ్యండి. చారు, చోడి అంబలి, మాత్రతో మింగే గుక్కెడూ లెక్కలోకే వస్తాయి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. సోమవారం తూకంలో పెరిగిన ప్రతి కిలో దాదాపు ఒక లీటరు నీరు. దాహం పెంచేది ఉప్పు కాబట్టి, ఆవకాయా ఎండుచేపలూ పెడుతూ నీళ్ళు తగ్గించమంటే ఎవరివల్లా కాదు. ఉప్పుకి బదులని అమ్మే తక్కువ సోడియం ఉప్పు అసలు వద్దు, అందులో కలిపేది పొటాషియమే. పడుకుంటే ఆయాసం వచ్చినా, కాళ్ళలో పట్టు తప్పినా, గుండె దడదడలాడినా సోమవారం దాకా చూడకండి, 108కి ఫోన్ చెయ్యండి.

ఇక మీ విశ్వాసం. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టుకింద పడుకుంటే దూత వాక్యం చెప్పలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి నిద్రపోనిచ్చి, మళ్ళీ లేపి తినమన్నాడు. పగలు జీడిపిక్కలు, రాత్రి రోగి, మధ్యలో వంట, ఇన్ని మోస్తున్న మనిషికి అక్షరాలు లోపలికి దిగకపోతే అది అలసట. 88వ కీర్తన చదవండి. చీకటే నాకు చుట్టమైందన్న మాటతో ఆగిపోతుంది. ఓదార్పు వాక్యం ఒక్కటీ అతికించకుండానే దాన్ని గ్రంథంలో ఉంచారు. మీ ప్రార్థన కూడా అలాగే ఆగిపోయినా ఫరవాలేదు.

ఇదంతా అడిగినదానికి జవాబు. నన్ను కూర్చోనివ్వనిది మాత్రం మీరు దారినపోతూ రాసిన ఆ ఒక్క వాక్యం, “ఒక్కమాట అనదు” అన్నది. కాలేజీ వారానికి ఆరు రోజులైతే పాప మూడు పోగొట్టుకుంటోంది, అంటే సగం. పరీక్ష రాయనివ్వాలంటే 75 శాతం హాజరు కావాలి. పదహారు, పదిహేడేళ్ళ పిల్ల ఏమీ అనడం లేదంటే దానికి ఏమీ లేదని కాదమ్మా, చెప్పుకునే చోటు లేదని. మరిదిని అడగడం మీకు నామోషీ. ఆ నామోషీకి వడ్డీ కడుతున్నది మీ కూతురు. ఆత్మగౌరవం మంచిదే, కానీ దాని ఖర్చు మనమే పెట్టుకోవాలి.

నిరీక్షణ అంటే ఏమిటో యిర్మీయా 32వ అధ్యాయంలో చూడండి. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం, యిర్మీయా ప్రవక్త చెరలో. అలాంటప్పుడు అనాతోతులో చినాన్న కొడుకు పొలాన్ని 17 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. సాక్షుల ఎదుట సంతకం చేసి, కాగితాలు చాలా రోజులు ఉండాలని మట్టికుండలో పెట్టించాడు. పట్టణమే శత్రువు చేతికి పోతుంటే నన్ను పొలం కొనమన్నావేమిటని దేవుణ్ణి ఆయన అడిగింది ఆ తర్వాతే. సంతకం ముందు, సందేహం తర్వాత. మీ ఇంట్లో ఆ పొలం పాప చదువు. దాన్ని ముట్టడిలో అమ్మేస్తున్నారు మీరు.

సోమవారం నుంచి పాప ఆసుపత్రికి వెళ్ళదు. ఇది మీరు తీసుకోవాల్సిన నిర్ణయం, పాపని అడిగి తీసుకోకండి. నాన్నకి నేనుంటేనే ధైర్యం అంటుంది, ఏడుస్తుంది. వాక్యం చెప్పి ఊరుకోబెట్టకండి, చెప్పుకోనివ్వండి. నాన్న చచ్చిపోతాడేమోనన్న మాట దాని నోటివెంట వస్తే, రానివ్వండి. అది మీ మనసులోనూ ఉంది కదా.

మిషను మీద ఉన్న నాలుగు గంటలూ పక్కన మనిషి అక్కర్లేదేమో నర్సుని అడగండి. మనిషి తప్పనిసరిగా కావాల్సింది ఇంటికి వచ్చేటప్పుడు, నీరు తీశాక బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. వెంటనే లేపకుండా కాసేపు కూర్చోబెట్టాలి, సూది గుచ్చినచోట రక్తం ఆగిందని చూసుకోవాలి, ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి సంచి ఇవ్వకూడదు. ఈ మాత్రం ఎవరికైనా నేర్పొచ్చు. శుక్రవారం ఒక్కరోజు కూలి వదులుకుని మీరు వెళ్ళండి. బుధవారానికి సంఘాన్ని అడగండి. మాకోసం ప్రార్థించండి అంటే అందరూ సరే అంటారు, ఎవరూ రారు. అయ్యగారి దగ్గర మనిషి పేరు, రోజు, గంట చెప్పి అడగండి. మొదటి నెలలో ఎవరో ఒకరు ఎగ్గొడతారు, పాప పుస్తకాలు పక్కన పడేసి బయల్దేరుతుంది. ఆపి, ఆ రోజు మీరే వెళ్ళండి.

సోమవారం మరిదిది. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళింటికి మీరే వెళ్ళండి, మీ ఆయన్నీ పాపనీ పంపకండి. తోడికోడలు గుమ్మంలో ఉంటే ముందు ఆవిడనే పలకరించండి. పరిహారం లెక్క ఎత్తొద్దు, వాళ్ళు ఎత్తినా జవాబివ్వొద్దు. “రేపు పొద్దున్న మీ అన్నయ్యని ఆటోలో తీసుకెళ్ళి, మధ్యాహ్నం తీసుకురావాలి. పాపని కాలేజీకి పంపుతున్నాను” అని చెప్పి, ఆయన జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడండి.