క్లాసులో అందరూ మనకంటే చిన్నవాళ్లైతే...

ప్రశ్న: ఎనిమిదేళ్లు ఉద్యోగం చేసి, 33 ఏళ్ల వయసులో విదేశంలో మాస్టర్స్‌లో చేరాను. క్లాసులో అందరూ 22, 23 ఏళ్లవాళ్లే. మర్యాదగానే ఉంటారు కానీ బయటికి వెళ్లేటప్పుడు పిలవరు. ప్రాజెక్టు ఉంటేనే నేను గుర్తొస్తాను. రెండేళ్లూ ఇలాగే ఒంటరిగా గడపాలేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ప్రాజెక్టు అప్పుడైనా మీరు గుర్తొస్తున్నారు కదా, అక్కడి నుంచే మొదలుపెట్టండి. వయసు తేడా ఉన్నవాళ్ల మధ్య చనువు పార్టీల్లో కంటే కలిసి పనిచేసే చోటే తొందరగా ఏర్పడుతుంది.

అయితే ఆ ప్రాజెక్టులో మీరు ఎలా ఉంటున్నారో ఒకసారి చూసుకోండి. ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు చాలామంది మొదటి మీటింగ్‌లోనే పనులు పంచేస్తారు, డెడ్‌లైన్లు పెట్టేస్తారు, ‘మా ఆఫీసులో ఇలా చేసేవాళ్లం’ అంటారు. చెప్పింది సరైనదే అయినా, అవతలివాళ్లకు మీలో క్లాస్‌మేట్ కాక మేనేజర్ కనిపిస్తారు. మేనేజర్‌ని సరదాగా బయటికి రమ్మని ఎవరు పిలుస్తారు? ఈసారి లీడ్‌గా వాళ్లలో ఒకరిని ఉండనివ్వండి. మీరు రిపోర్టులో ఒక భాగం తీసుకోండి. రానిది మొహమాటపడకుండా అడగండి. ‘ఈ లైన్‌లో ఎర్రర్ ఎందుకొస్తోంది, కాస్త చూస్తావా?’ అంటే పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంటారు. నేర్పించే అవకాశం వాళ్లకూ దొరికితే వయసు సంగతి వాళ్లే మర్చిపోతారు.

ఇక ఓపిక. కాన్సాస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పరిచయస్థులు మామూలు స్నేహితులు కావడానికే సుమారు 50 గంటలు కలిసి గడపాలి. దగ్గరి స్నేహానికి 200 గంటలు దాటుతుంది. కాబట్టి మొదటి నెలలోనే నిరాశపడకండి. ‘స్నేహం చేద్దామా’ అని ఎవరినీ అడగలేం గానీ, ‘గురువారం సాయంత్రం లైబ్రరీలో అసైన్‌మెంట్ చేద్దామా’ అని అడగొచ్చు. ఇద్దరు వచ్చినా చాలు, ప్రతి వారం అదే టైముకు కొనసాగించండి.

బయటికి పిలవకపోవడం వెనుక ఇష్టం లేకపోవడమే ఉండాలని లేదు. ‘పెద్దవారు, మనతో వస్తారో రారో’ అని సంకోచిస్తూ ఉండొచ్చు. అందుకే ముందు మీరే పిలవండి. వాళ్లు పిలిస్తే గంటసేపైనా వెళ్లి రండి. వాళ్ల మాటతీరు, మీమ్స్ అరువు తెచ్చుకోనక్కర్లేదు. సలహాలు మాత్రం అడిగితేనే ఇవ్వండి. ఇంటర్వ్యూల సీజన్ వచ్చిందంటే ఎలాగూ అడుగుతారు, అప్పుడు కూర్చోబెట్టి ఒక మాక్ ఇంటర్వ్యూ చేయండి.

అందరితోనూ ప్రాణస్నేహం కుదరదు, అవసరమూ లేదు. ఉద్యోగాల కబురు ఆప్తుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా అందుతుందని సోషియాలజిస్టు మార్క్ గ్రానొవెటర్ 1973లోనే రాశారు. ఇంటి బాధ్యతలు, దాచుకున్న డబ్బు కరిగిపోతోందన్న బెంగ లాంటివి పంచుకోవడానికి మాత్రం మీ ఈడువాళ్లు కావాలి. డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లలో అలాంటివారు సాధారణంగా ఉంటారు, వాళ్లనూ పలకరించండి.