లద్దె ఎత్తేటప్పుడు చూడాల్సినవి

చిరంజీవి సౌమ్యకి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రెండు గుర్రాలు ఇంటికొచ్చాయన్న సంతోషం కంటే వాటి లద్దె గురించిన బెంగే ఎక్కువ కనిపించింది అందులో. నాకు అది నచ్చింది. గుర్రాన్ని పెంచుకోవాలని వచ్చేవాళ్ళు మేత గురించీ జీను గురించీ గంటలు గంటలు అడుగుతారు, కింద పడేదాని సంగతి ఎత్తరు. రోజూ నీ చేతికి ఎక్కువ పని పెట్టేది అదే. గుర్రం ఒంట్లో ఎలా ఉందో అందరికంటే ముందు చెప్పేదీ అదే.

"ఇంతేసి వేస్తున్నాయేమిటి, జబ్బేమో" అని టెన్షన్ పడకు. నాలుగైదు వందల కిలోల గుర్రం రోజుకి 8 నుంచి 12 సార్లు లద్దె వేస్తుంది. అంతా కలిపితే 20 కిలోల పైమాటే. మూత్రం 5 నుంచి 15 లీటర్ల దాకా ఉంటుంది, అది తాగిన నీళ్ళని బట్టీ మేతని బట్టీ మారుతుంది. రోజంతా కొంచెం కొంచెంగా మేస్తూ ఉండే జంతువు కాబట్టి విసర్జన కూడా రోజంతా సాగుతూనే ఉంటుంది. లద్దె నడుస్తూ కూడా వేసేస్తుంది, మూత్రానికి మాత్రం ఆగాలి. స్వారీ చేస్తుండగా అది ఆగి కాళ్ళు చాపిందంటే రికాబుల మీద కొంచెం లేచి వీపు మీద బరువు తగ్గించు. అదిలించకు.

ఇక నీ పొలం సంగతి. సగం గడ్డిని నున్నగా కొరికేసి, పక్కనే ఏపుగా పెరిగిన గడ్డిని ముట్టడం లేదని రాశావు. అవి మొండికేయడం లేదమ్మా. గుర్రాలు మేసే చోటు వేరు, విసర్జించే చోటు వేరు అని పొలాన్ని అవే పంచుకుంటాయి. లద్దె పడిన చోట గడ్డి ఎంత పచ్చగా ఉన్నా మూతి పెట్టవు. లద్దెలో కడుపు పురుగుల గుడ్లు ఉంటాయి, ఆ గడ్డికి దూరంగా ఉంటేనే వాటికి క్షేమం.

తీరిక దొరికినప్పుడు గట్టు మీద కూర్చుని చూడు. విత్తు కొట్టని మగగుర్రమైతే పాత కుప్ప దగ్గరికొచ్చి వాసన చూస్తుంది, ముందుకు జరిగి సరిగ్గా ఆ కుప్ప మీదే లద్దె వేస్తుంది, మళ్ళీ తిరిగి వాసన చూసి వెళ్తుంది. అందుకే మగగుర్రాల కుప్పలు ఒకేచోట ఎత్తుగా పెరుగుతాయి. ఆడగుర్రం అలా కాదు. వాసన చూసి, ఉన్నచోటే నిలబడి వేసేస్తుంది. మూతి కుప్ప వైపు ఉంటే తోక బయటివైపు ఉంటుంది కదా, లద్దె కుప్పకి ఒక గుర్రమంత దూరంలో పడుతుంది. అలా ఆ చోటు నాలుగు వైపులా పాకుతూ పోతుంది. విత్తు కొట్టిన మగగుర్రాలదీ ఇదే వరస. నీవి రెండూ ఆడవే కాబట్టి నీ పొలంలో జరుగుతున్నది ఇదే. ఎత్తకుండా వదిలేస్తే మేసే చోటు తగ్గిపోతుంది. పొలం చిన్నదైతే చివరికి వేరే దారిలేక లద్దె పక్కనే మేస్తాయి, పురుగులు కడుపులోకి చేరేది అప్పుడే.

వారానికి కనీసం రెండుసార్లు పొలంలో లద్దె ఎత్తెయ్. రోజూ ఎత్తగలిగితే మరీ మంచిది. వాతావరణం వెచ్చగా, తడిగా ఉంటే గుడ్లలోంచి వచ్చిన పిల్ల పురుగులు దాదాపు వారానికే గడ్డి ఎక్కడానికి సిద్ధమవుతాయి. అవి కంటికి కనిపించవు. ఆలోపే లద్దె పొలం దాటిపోవాలి. దంతెతో లాగి పరిచేస్తే సరిపోతుందని ఎవరో చెప్పారన్నావు. బాగా ఎండ కాసే పొడి రోజుల్లో, ఆ తర్వాత కొన్ని వారాలు గుర్రాల్ని అటు వదలకుండా ఉండగలిగితేనే ఆ పని చెయ్యి. తేమ ఉన్నప్పుడు పరిచావంటే పురుగుల్ని పొలమంతా చల్లినట్టే. ఆవులో గొర్రెలో దొరికితే గుర్రాలు వదిలేసిన గడ్డి మీదికి వాటిని తోలు. గుర్రాల కడుపు పురుగుల్లో చాలామటుకు వాటి కడుపులో బతకవు, గడ్డీ సమంగా అవుతుంది.

నట్టల మందు క్యాలెండర్ చూసి పోసేయకు. అవసరం లేకుండా వాడితే పురుగులు మందుకి లొంగకుండా తయారవుతాయి. కొన్ని మందులు లద్దెలోకి దిగి పేడపురుగుల్ని కూడా చంపుతాయి, లద్దెని నేలలో కలిపి మనకి సాయం చేసేవి అవే. తాజా లద్దె కొంచెం సంచిలో కట్టి, చల్లగా ఉంచి, ఆ రోజే డాక్టర్‌కి పంపి గుడ్ల లెక్క చూపించు. ఏ గుర్రానికి మందు కావాలో అప్పుడు తెలుస్తుంది.

సాలలో అసలు చిక్కు మూత్రంతో. మూత్రం కాళ్ళ మీద చిందడం గుర్రానికి ఇష్టం ఉండదు, అందుకే గట్టి నేల మీద పోయకుండా చాలాసేపు ఆపుకుంటుంది. శుభ్రం చేసి కొత్త రంపపు పొట్టు పరిచి గుర్రాన్ని లోపలికి వదిలి చూడు. రెండడుగులు వేసి, మూతితో ఒకసారి పొట్టుని కదిపి, వెనక కాళ్ళు ఎడం చేసి, తోక ఎత్తి, చిన్నగా మూలిగి పోసేస్తుంది. ఇప్పుడే పరిచానే అని విసుక్కోకు, అది కోరుకున్న మెత్తటి చోటు దొరికిందంతే. బండిలో ప్రయాణం చేసేటప్పుడు కూడా కింద మందంగా పరుచు, దారిలో ఆపి స్థిమితంగా నిలబడనివ్వు. కొందరు పోసే ప్రతిసారీ సన్నగా ఈల వేసి అలవాటు చేస్తారు. తర్వాత ఆ ఈల వినగానే పోస్తాయి, మూత్రం పరీక్షకి పట్టాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది.

రోజూ లద్దెతో పాటు తడిసిన పొట్టు కూడా నేల కనిపించేదాకా తీసి, నేల ఆరాక కొత్తది వెయ్యి. పైపైన పొడి పొట్టు చల్లి కప్పేస్తే అడుగున అమ్మోనియా ముదిరిపోతుంది. నిలబడితే నీకు తెలియకపోవచ్చు. మోకాళ్ళ మీద కూర్చుని, గుర్రం పడుకున్నప్పుడు మూతి ఉండే ఎత్తులో ఊపిరి పీల్చు. కళ్ళు మండితే దాని ఊపిరితిత్తులూ మండుతున్నట్టే. తడిలో నిలబడితే గిట్ట అడుగున మధ్యలో ఉండే మెత్తటి భాగం నల్లబడి కుళ్ళుతుంది, కంపు కొడుతుంది. రంపపు పొట్టు కొనేటప్పుడు ఏ చెట్టుదో అడుగు. నల్ల వాల్‌నట్ చెక్క పొట్టు కలిస్తే గిట్టల వాపు వస్తుంది. అది చాలా ప్రమాదం.

ఇప్పుడు నువ్వు అడగనిది చెబుతాను. ఫోర్క్‌తో ఎత్తే ముందు లద్దెని చూడు. మంచి లద్దె ఉండలుగా, తేమగా ఉండి, నేల మీద పడగానే కొంచెం చితుకుతుంది. ఉండలు చిన్నగా, గట్టిగా, పైన జిగురు పొరతో ఉంటే నీళ్ళు తక్కువ తాగుతోందని, పేగులో మేత నెమ్మదిగా కదులుతోందని అర్థం. భయపడినా, మేత మార్చినా, లేతగడ్డి తిన్నా ఒకటి రెండుసార్లు పలచబడుతుంది. అలాగే కొనసాగితే డాక్టర్‌కి చూపించు. రోజూ పొద్దున్న ఎన్ని కుప్పలు ఉంటాయో నీకు గుర్తుండాలి. సగానికి సగం తగ్గి, గుర్రం కడుపు వైపు తిరిగి చూస్తూ, మేత వదిలేసి ఉంటే అది కడుపునొప్పి. తెల్లారేదాకా ఆగకు. మూత్రం పోసే భంగిమలో పదేపదే సాగి నిలబడి చుక్క కూడా పోయకపోతే మూత్రసంచి జబ్బని అనుకుంటారు, చాలాసార్లు అదీ కడుపునొప్పే.

ఇసుక నేల మీద మేస్తుంటే నాలుగైదు ఉండల్ని పారదర్శకమైన సంచిలో వేసి నీళ్ళు పోసి కలిపి వేలాడదీయి. కాసేపటికి అడుగున ఇసుక దిగితే మేతతో పాటు ఇసుక లోపలికి పోతోందన్నమాట. దిగకపోతే లోపల ఇసుక లేదని మాత్రం అనుకోకు.

మూత్రం మబ్బుగా, చిక్కగా ఉన్నా కంగారు వద్దు, గుర్రం మూత్రంలో సున్నపు పదార్థం ఉంటుంది. పొట్టు మీద కాసేపు ఉన్నాక నారింజ రంగుకి తిరగడం కూడా మామూలే. పోస్తుండగానే కాఫీ రంగులో వస్తే, ముఖ్యంగా పని చేయించిన తర్వాత కండరాలు బిగుసుకుని నడవలేకపోతే, అక్కడే నిలబెట్టి డాక్టర్‌ని పిలువు. నడిపించకు.

పెంటకుప్పని సాలకీ బావికీ దూరంగా వెయ్యి. వెచ్చటి రోజుల్లో ఈగ గుడ్డు నుంచి వారం పది రోజుల్లో ఈగ అయిపోతుంది. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటేలా తేమ చూసుకుంటూ, తిరగేస్తూ మాగనిస్తే పురుగుల గుడ్లు చస్తాయి. మాగని లద్దెని గుర్రాలు మేసే పొలంలో చల్లకు.

పెద్దది ఈనబోతోందని రాశావు. పిల్ల పుట్టాక మొదటి లద్దె నల్లగా, జిగటగా ఉంటుంది, రోజులోపే పడాలి. తోక ఎత్తి ముక్కుతూ ఏమీ పడకపోతే డాక్టర్‌కి చెప్పు. వారం పది రోజుల వయసులో పిల్లకి కొంచెం పలచగా అవుతుంది, హుషారుగా పాలు తాగుతుంటే ఫర్వాలేదు. పిల్ల తన తల్లి లద్దెని నాకినా తిన్నా అదిలించి తోలకు, గడ్డి అరగడానికి కావలసిన సూక్ష్మజీవులు దానికి అలాగే అందుతాయి. దాంతో పాటు తల్లి కడుపులోని పురుగులు కూడా అందకూడదు కాబట్టి ఈనేలోపే తల్లి లద్దె పరీక్ష చేయించి, మందు విషయం డాక్టర్‌ని అడిగి నాకు రాయి.

మీ పెదనాన్న