ట్రాక్ మీద మాత్రమే స్టీరింగ్ వణుకుతోంది, గుయ్యిమని సౌండ్ కూడా వస్తోంది, బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు, ఏమై ఉంటుంది?

మీరు చెప్పింది ఒకసారి క్లుప్తంగా రాస్తా, మిగతావాళ్లకీ అర్థమవుద్ది. పోలో 1.0 టీఎస్‌ఐ మాన్యువల్, బయట కొన్న 16 ఇంచ్ అల్లాయ్స్. ట్రాక్ డేలో (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) రెండు మూడు ల్యాపులు బాగానే ఉండి తర్వాత 110 దాటితే స్టీరింగ్ వణుకు, దాంతో పాటు గుయ్యిమనే సౌండ్, బ్రేక్ కొడితే వణుకు ఇంకా ఎక్కువ. ఇంటికొచ్చేటప్పుడు హైవేలో పెద్దగా తెలియలేదు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ అయ్యాయి, ఇప్పుడు మీ మెకానిక్ ఇంజిన్ మౌంటింగ్ (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) మార్చేద్దాం అంటున్నాడు.

మౌంటింగ్‌కి ఇప్పుడే డబ్బులు పెట్టకండి బ్రో. మూడు సిలిండర్ల ఇంజిన్ కదా, ఎక్కడ ఏది వణికినా అందరి అనుమానం ముందు దాని మీదకే పోతుంది. కానీ మీరు రాసిందాంట్లో ఆర్‌పీఎం ఊసే లేదు, అంతా స్పీడ్, బ్రేక్, వేడి. పార్టులు విప్పేముందు తేల్చుకోవాల్సింది ఒకటే, ఆ వణుకు దేన్ని పట్టుకుని తిరుగుతోంది అని.

కింద చెప్పే బోల్టుల చెకింగ్ అయ్యాకే, ట్రాక్ స్ట్రెయిట్‌లో వెనక ఎవరూ లేనప్పుడు, వణుకు మొదలైన స్పీడ్‌లో క్లచ్ తొక్కి ఇంజిన్‌ని ఐడిల్‌కి దిగనివ్వండి. వణుకు అలాగే ఉంటే ఇంజిన్‌తో సంబంధం లేదు, చక్రాల వైపే. అదే 110ని నాలుగో గేర్‌లో ఒకసారి, ఐదో గేర్‌లో ఒకసారి చూడండి, గేర్ మారినా వణుకు మారకపోతే అదే మాట ఖాయం. ఫోన్‌లో వైబ్రేషన్ కొలిచే యాప్ వేసుకుని సీటు పట్టాల దగ్గర టేపుతో గట్టిగా అంటిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మన 195/55 ఆర్16 టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు, అంటే గంటకి 100లో చక్రం సెకనుకి 14 చుట్లు తిరుగుద్ది. ఇంజిన్ 3000 ఆర్‌పీఎంలో సెకనుకి 50 చుట్లు, మూడు సిలిండర్లు కాబట్టి 75 ఫైరింగులు. యాప్‌లో సెకనుకి 14-16 (హెర్ట్జ్) దగ్గర ముల్లు లేస్తే టైరు, చక్రం, డిస్క్, యాక్సిల్ వీటిల్లో ఏదో ఒకటి. దానికి మూడింతల దగ్గర, అదీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి వదిలితే పోతుంటే మాత్రం లోపలి సీవీ జాయింట్‌ని (గేర్‌బాక్స్ దగ్గర యాక్సిల్ మడత పడే కీలు) అనుమానించాలి, అందులో మూడు రోలర్లు ఉంటాయి కాబట్టి చుట్టుకి మూడుసార్లు కొడుతుంది. మీది బ్రేక్ మీద ఎక్కువవుతోంది కాబట్టి అది కాదనే నా లెక్క.

ఇక వేడి సంగతి. నాదీ పోలోనే, నెల్లూరు నుంచి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తుంటా (మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని పేరు మారినా మాకు ఇప్పటికీ ఎంఎంఆర్‌టీనే (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్), 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు). నాకు అచ్చం ఇలాగే లంచ్ తర్వాతి సెషన్‌లో వణుకు మొదలైంది, పొద్దున సెషన్‌లో లేదు. ప్యాడాక్‌కి (ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటు) తెచ్చి చల్లారాక ముందు చక్రం విప్పితే, అల్లాయ్ బోర్‌కి (మధ్యలో ఉండే రంధ్రం), చక్రం బిగించే హబ్‌కి మధ్య ఉండే నల్ల ప్లాస్టిక్ రింగ్ ఒక వైపు పల్చబడి బెల్లం పాకంలా సాగి హబ్ అంచుకి అతుక్కుపోయింది, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. రిమ్ లోపలి వైపు బ్యాలెన్సింగ్ వెయిట్ అంటించిన చోట జిగురు మరక తప్ప వెయిట్ లేదు, అది ఏ మలుపులో ఎగిరిపోయిందో.

ట్రాక్ మీద డిస్కులు 400-500 డిగ్రీలు దాటతాయి, ఆ వేడి హబ్‌కీ రిమ్‌కీ పాకుతుంది, ఊళ్లో తిరిగే కారుకి ఈ బాధ లేదు. పోలో హబ్ 57.1 మిల్లీమీటర్లు, బయట అల్లాయ్స్ బోర్ దానికన్నా పెద్దది, ఆ సందు నింపేదే ఆ రింగ్. అది పోతే చక్రాన్ని సెంటర్‌లో పెట్టే పనంతా బోల్టుల మీద పడుతుంది. ఇక్కడే ఇంకో మెలిక ఉంది, కంపెనీ బోల్టుల కింది భాగం గుండ్రంగా ఉంటుంది, బయట అల్లాయ్స్‌లో ఎక్కువ వాటికి కోన్ ఆకారం బోల్టు కావాలి. కంపెనీ బోల్టులే వాడేస్తే రిమ్‌కి సన్నని గీత మేరే ఆనతాయి, టార్క్ రెంచ్ టక్‌మన్నా లోపల పట్టు ఉండదు, వేడెక్కాక నెమ్మదిగా లూజవుతాయి. ఇది వణుకుతో ఆగే వ్యవహారం కాదు, చక్రమే ఊడొచ్చే వ్యవహారం, అందుకే అన్నిటికన్నా ముందు ఇది చూడండి.

బ్యాలెన్సింగ్‌తో ఎందుకు పోలేదంటే, ఆ మెషిన్ చక్రాన్ని తన కోన్ మీద సెంటర్ చేసుకుని తిప్పుతుంది, అక్కడ సున్నా చూపిస్తుంది, అదే చక్రం మీ హబ్ మీద ఒక వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటే చేసిన పనంతా దండగ. షాపువాళ్ల తప్పేం లేదు. హైవేలో తెలియకపోవడం కూడా వింతేం కాదు, సెంటర్ తప్పిన చక్రం లాగుడు స్పీడ్ వర్గాన్ని బట్టి పెరుగుద్ది, 80లో ఉన్నదానికి 120లో రెండింతల పైన.

బ్రేక్ కొడితే ఎక్కువవడం మాత్రం వేరే కథ అయ్యుండొచ్చు. అందరూ డిస్క్ వంకర పోయింది అంటారు, చాలాసార్లు వంకర కాదు, ప్యాడ్ మెటీరియల్ డిస్క్ మీద ఒకచోట ఎక్కువ అంటుకుపోవడం. సెషన్ అవ్వగానే వేడి వేడి కారుని ఆపి బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకుని కూర్చుంటే ప్యాడ్ అచ్చు డిస్క్ మీద పడిపోద్ది, వెలుతురులో చూస్తే ప్యాడ్ ఆకారంలో నల్లటి మచ్చ కనిపిస్తుంది కూడా. ఒక ల్యాప్ నెమ్మదిగా చల్లార్చుకుంటూ వచ్చి, ప్యాడాక్‌లో హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేర్‌లో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి. మచ్చ పల్చగా ఉంటే కొత్త ప్యాడ్లు సెట్ చేసినట్టు 80 నుంచి 20కి గట్టిగా కొన్నిసార్లు, మధ్యలో గాలి తగలనిస్తూ బ్రేక్ చేస్తే పోతుంది, లేదంటే స్కిమ్మింగో (డిస్క్ పై పొర చెక్కించడం) కొత్త డిస్కులో.

గుయ్యిమనే సౌండ్ ఇదే జబ్బు అని అనుకోవద్దు, రెండు జబ్బులు ఒకేసారి ఉండకూడదని రూలేం లేదు. కుడి మలుపులో పెరిగితే బరువు ఎడమ వైపు పడింది కాబట్టి ముందు ఎడమ బేరింగ్ చూడండి, ఎడమ మలుపులో పెరిగితే కుడిది. జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, ఒక చేత్తో సస్పెన్షన్ స్ప్రింగ్ పట్టుకుని ఇంకో చేత్తో చక్రం తిప్పితే బేరింగ్ పోయుంటే స్ప్రింగ్‌లో గరగరమని చేతికి తగులుతుంది, చెవికి వినపడకముందే. పైన కింద పట్టుకుని ఊపితే ఆట ఉంటే ఎవరినైనా బ్రేక్ తొక్కమనండి, తొక్కినప్పుడు ఆట పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్ (సస్పెన్షన్‌ని చక్రానికి కలిపే కీలు) వైపు చూడాలి. పక్కల పట్టుకుని ఊపితేనే ఆట ఉంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కీలు). మలుపుతో సంబంధం లేకుండా సౌండ్ ఒకేలా ఉంటే టైరు మీద అరచేత్తో ముందుకి వెనక్కి నిమరండి, ఒక వైపు నున్నగా ఇంకో వైపు గీరుకుంటే టైరే అరుస్తోంది.

చివరి ల్యాప్‌లో నెమ్మదిగా వచ్చేటప్పుడు మాత్రమే వచ్చే దడదడకి భయపడొద్దు, లైన్ పక్కన పడున్న రబ్బరు ముక్కలు వేడి టైరుకి అంటుకుంటాయి, గీకేస్తే పోద్ది.

ఈ వారం చేయాల్సింది, ముందువైపు రెండు చక్రాలూ విప్పి రింగులు, వెయిట్లు, బోల్టు సీట్లు చూడండి. రింగ్ కరిగుంటే మళ్లీ ప్లాస్టిక్‌ది కొనొద్దు, అల్యూమినియంది తీసుకోండి, లోపలి కొలత 57.1, బయటిది మీ అల్లాయ్ బోర్‌ని వెర్నియర్‌తో కొలిచి చెప్పండి. బిగించేటప్పుడు చక్రం గాల్లో ఉండగానే పక్కపక్కవి కాకుండా ఎదురెదురు వరసలో (స్టార్ ఆకారం) బోల్టులు చేత్తో కూర్చోబెట్టి, దింపాక 120 న్యూటన్ మీటర్లు, తర్వాత ట్రాక్‌కెళ్లినప్పుడు మొదటి సెషన్ అయ్యి చల్లారాక ఇంకోసారి. డిస్క్, బోల్టు, రింగ్ ఫోటోలు పెట్టండి, చూసి చెప్తా. అప్పటిదాకా 110 దాటించొద్దు.