ఉత్తరాలు పేర్చే మిషన్ దగ్గర ఉద్యోగం: పంపాలా, ఆపాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈఈఈ డిప్లొమా పూర్తిచేశాడు. బ్యాంకు లెటర్లు, క్రెడిట్ కార్డులు కవర్లలో పెట్టి పోస్టుకు పంపే ఒక మెయిలింగ్ యూనిట్‌లో మెయింటెనెన్స్ ట్రైనీగా ఆఫర్ వచ్చింది. కవర్లను పిన్ కోడ్ ప్రకారం వేరుచేసి పేర్చే మిషన్లు చూసుకోవాలట. వాడు వెళ్తానంటున్నాడు. ఈసెట్‌లో ర్యాంకు వచ్చింది కాబట్టి బీటెక్ ఈఈఈలో చేరొచ్చు. మా బావమరిదేమో అమీర్‌పేటలో ఆరు నెలల 'ఏఐ, రోబోటిక్ ఆటోమేషన్' కోర్సులో చేర్చమంటున్నాడు. ఫీజు లక్షన్నర. ఉత్తరాలే రాయని రోజుల్లో ఉత్తరాలు పేర్చే పనేంటి? మూడింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. – సూర్యాపేట నుంచి ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ ప్రశ్నలో రెండు భయాలున్నాయి. ఈ పని ఎన్నాళ్లుంటుందన్నది ఒకటి. డిప్లొమా చదివించి కవర్లు సర్దే పనికి పంపారని నలుగురూ అంటారేమోనన్నది రెండోది. మొదటిది న్యాయమైన భయం కాబట్టి దాంతోనే మొదలుపెడదాం.

ఉత్తరాలు తగ్గిపోతున్న మాట నిజమే. అమెరికా తపాలా శాఖ 2001లో పదివేల కోట్లకు పైగా ఫస్ట్ క్లాస్ ఉత్తరాలు చేరవేసింది. 2023కి అవి సుమారు 4,600 కోట్లకు పడిపోయాయి. డెన్మార్క్‌లో పోస్ట్‌నార్డ్ సంస్థ 2025 డిసెంబరుతో ఉత్తరాల బట్వాడానే ఆపేసింది. మన దగ్గర 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి ఒక్క ఉత్తరాల మిషన్‌నే నమ్ముకుని ముప్పై ఏళ్లు గడిచిపోతాయని నేను చెప్పను.

అయితే ఆటోమేషన్ వచ్చినప్పుడు ఆ రంగంలో ఎవరి ఉద్యోగం ముందు పోయిందో కూడా చూడండి. 1990లలో అమెరికాలో మిషన్ చదవలేకపోయిన చిరునామాల ఫొటోలను తెరమీద చూసి టైపు చేయడానికి 55 కేంద్రాలు నడిచేవి. బఫెలో విశ్వవిద్యాలయంలో సర్గూర్ శ్రీహరి బృందం చేసినలాంటి పరిశోధనల వల్ల కంప్యూటర్లు చేతిరాతను కూడా చదవడం నేర్చుకున్నాక ఆ కేంద్రాలు ఒక్కొక్కటే దాదాపు అన్నీ మూతపడ్డాయి. అవన్నీ ఏసీ గదుల్లో, కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగాలు. బెల్టు మార్చేవాడి అవసరం మాత్రం మిషన్ ఉన్నంతకాలం ఉంటుంది.

ఇక రెండో భయం. మీవాడి పని కవర్లు సర్దడం అనుకుంటున్నారు. ఆ పని చేసేది మిషన్. అది ఎందుకు ఆగిందో కనిపెట్టడం మీవాడి పని. ఆ తేడా తెలియాలంటే మిషన్ లోపల జరిగేది కొంచెం తెలియాలి.

పెద్ద లెటర్ సార్టర్ గంటకు 36,000 ఉత్తరాల దాకా వేరుచేస్తుంది. అంటే సెకనుకు పది. బెల్టు వేగం సెకనుకు 4 మీటర్లు అనుకుంటే ఒక ఉత్తరం ముందంచుకీ తర్వాతి దాని ముందంచుకీ మధ్య 40 సెంటీమీటర్లే. కవరు పొడవు 24 సెంటీమీటర్లయితే మిగిలే ఖాళీ 16. ఉత్తరాన్ని దాని అరలోకి మళ్లించే గేటు ముందు నుంచి ఆ ఖాళీ దాటిపోవడానికి 40 మిల్లీసెకన్లు పడుతుంది. ఆలోపు సోలినాయిడ్ (కరెంటుతో అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) గేటును తిప్పాలి, అప్పుడే కవరు తన అరలోకి మళ్లుతుంది. అరలో రోలరు ఆ కవరు తోకను పక్కకు నెట్టాలి, లేకపోతే తర్వాత వచ్చే కవరు దాన్ని ఢీకొంటుంది. పేరుకున్న కట్టకు ఆనుకుని పాడిల్ అనే పలక ఉంటుంది. కట్ట పెరిగేకొద్దీ అది వెనక్కి జరగాలి. దాని ఒత్తిడి ఎక్కువైతే కొత్త కవరు లోపలికి దూరలేక మడత పడుతుంది, తక్కువైతే కట్ట విసనకర్రలా విచ్చుకుని పడిపోతుంది. సెకనుకు 4 మీటర్ల వేగంతో వచ్చిన కాగితం నిటారుగా, నలగకుండా ఆగాల్సింది ఇక్కడే కాబట్టి పేర్చే భాగం దగ్గర చిక్కులు ఎక్కువ.

జామ్ అయితే అనుభవం ఉన్న టెక్నీషియన్ ముందు వేసే ప్రశ్న ఒక్కటే: ఒక అరలోనా, అన్నింటిలోనా? ఒక్క అరలోనే అయితే తప్పు అక్కడే ఉంటుంది. గేటు స్ప్రింగు బలహీనపడి ఆలస్యంగా వెనక్కి వస్తుండొచ్చు, సోలినాయిడ్ వేడెక్కి ఉండొచ్చు, పాడిల్ జారే కడ్డీకి జిగురు పట్టి ఉండొచ్చు, అర నిండిందని చెప్పే సెన్సర్‌కు కాగితం దుమ్ము కమ్మి ఉండొచ్చు. అన్ని అరల్లోనూ అయితే వెనక్కి నడవాలి. కవర్లను ఒక్కొక్కటిగా లోపలికి పంపాల్సిన ఫీడరు రెండేసి కలిపి లాగుతోందా? బెల్టు సాగి, అది ఎంత కదిలిందో కొలిచే ఎన్‌కోడర్ లెక్కకూ కవరు అసలు చోటుకూ పొత్తు తప్పిందా? లేక ఆ రోజు వచ్చిన సరుకే తేడానా?

మెయిలింగ్ యూనిట్‌లో ఈ చివరిదే ఎక్కువ సతాయిస్తుంది. కవరు మూత అంటించే బ్రష్షు అరిగితే మూత లేచి పక్క కవరుకు తగులుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే కవర్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. బోరు నీళ్లు పోస్తే బ్రష్షుకు సున్నం పడుతుంది. లోపలి కాగితం మడత ఒకవైపే ఉంటుంది కాబట్టి అటు లావెక్కి కట్ట పక్కకు ఒరుగుతుంది. వానాకాలం కాగితం వంకర తిరుగుతుంది. గాలి బాగా పొడిగా ఉంటే ప్లాస్టిక్ కవర్లు స్టాటిక్‌తో అతుక్కుంటాయి. ఇవన్నీ తెలిసి, మల్టీమీటరుతో సోలినాయిడ్ కాయిల్ చూసి, పీఎల్‌సీ (మిషన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) మీద ఇన్‌పుట్ లైటు వెలిగిందో లేదో గమనించి పది నిమిషాల్లో లైను నడిపించే కుర్రాణ్ణి ఏ ఫ్యాక్టరీ వదులుకోదు. జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల కంపెనీల్లో అట్టపెట్టెలో స్ట్రిప్పు, కరపత్రం పెట్టే మిషన్లలో ఉండేవీ ఇవే: వ్యాక్యూమ్ కప్పులు, ఫొటో సెన్సర్లు, సర్వో మోటార్లు. పార్సిల్ హబ్బుల్లోనూ ఇవే. ఉత్తరాలు తగ్గినా ఈ విద్య ఎక్కడికీ పోదని నేననేది ఇందుకే.

ఇప్పుడు ఆ లక్షన్నర కోర్సు సంగతి. ఇలాంటి కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. చాలాచోట్ల నేర్పేది సిమ్యులేటర్ మీద. తెరమీద బల్బు వెలుగుతుంది, కన్వేయర్ బొమ్మ కదులుతుంది. నిజమైన బెల్టు సాగుతుంది, సెన్సర్‌కు దుమ్ము పడుతుంది, కనెక్టరు వదులవుతుంది. ఆ బొమ్మకు ఇవేవీ జరగవు. పీఎల్‌సీకి ల్యాడర్ ప్రోగ్రామ్ రాయడం వచ్చినవాడు ప్రోగ్రామ్ సరిగ్గానే ఉన్నా మిషన్ ఎందుకు నడవట్లేదని అడిగితే బిక్కమొహం వేస్తాడు. ఆరు నెలల్లో ఏఐ, రోబోటిక్స్, పీఎల్‌సీ, స్కాడా అన్నీ చెప్తామంటే ఏదీ లోతుగా చెప్పరని అర్థం. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అన్నవాళ్లను కిందటి బ్యాచ్ పిల్లల్లో ఐదుగురి ఫోన్ నంబర్లు అడగండి. నిజమైన ప్యానెల్ మీద విద్యార్థి చేత్తో ఎన్ని గంటలు పని చేయిస్తారో, తప్పు కావాలని పెట్టి వెతికిస్తారో లేదో అడగండి. సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. మీ అబ్బాయికి అదే విద్య నేర్పుతూ జీతం ఇస్తామని ఒకరు పిలుస్తుంటే, డబ్బు కట్టి బొమ్మ మీద నేర్చుకోమనడం ఏం లెక్క?

మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన మాట ఇంకొకటి. బావమరిది అభిప్రాయం మూడు వాక్యాలు రాశారు. అబ్బాయి సంగతి 'వెళ్తానంటున్నాడు' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఎందుకు వెళ్తానంటున్నాడో అడిగారా? ఇరవై ఏళ్ల కుర్రాడు తనంతట తానే ఒక పనికి ఇష్టపడుతున్నాడంటే అందులో ఏదో చూసే ఉంటాడు. చేతికి నూనె అంటే పని తక్కువదని మీ ఇంట్లో నేర్పితే వాడు రేపు ఏ పనిలోనూ తలెత్తుకుని నిలబడలేడు. ఈ మాట కటువుగా ఉన్నా మీకు చెప్పక తప్పదు.

బీటెక్ వద్దనట్లేదు. ఇంట్లో ఇబ్బంది లేక, వాడికీ చదవాలని ఉంటే ఈసెట్ సీటు మంచిదే. డిగ్రీ ఉంటే డిజైన్ వైపు, మేనేజర్ స్థాయికి దారి తొందరగా తెరుచుకుంటుంది. ఉద్యోగంలో చేరినా ఆ తలుపు మూసుకుపోదు. కనీసం ఏడాది ఉద్యోగం చేసిన డిప్లొమా వాళ్లు పని మానకుండానే రెండో ఏడాదిలో చేరేలా వర్కింగ్ ప్రొఫెషనల్స్ బీటెక్‌కు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతి ఇచ్చింది. వాడు పనిచేసే చోటికి దగ్గర్లో ఏ కాలేజీలో ఉందో కనుక్కోండి. నన్నడిగితే ఒక ఏడాది మిషన్ దగ్గర గడిపి, ఆ తర్వాత ఈ దారిలో చదివితే మోటార్ల పాఠం వాడికి పుస్తకంలో మిగిలిపోదు.

చేర్చే ముందు కొన్ని చూసుకోండి. ఆఫర్ లెటర్‌లో బాండ్ ఎన్నేళ్లో చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, రాత్రి షిఫ్టుకు బండి పంపుతారా అడగండి. తపాలా సాయంత్రం పోగై తెల్లారేసరికి వెళ్లిపోవాలి కాబట్టి సార్టింగ్ పని చాలావరకు రాత్రిపూటే. మరమ్మతులకు పగలు దొరుకుతుంది. ట్రైనీకి రెండూ పడతాయి.

భద్రత విషయం మీవాడికే చెప్పండి. ఎమర్జెన్సీ బటన్ నొక్కితే మిషన్ ఆగుతుందే కానీ కరెంటు పోయినట్టు కాదు. చెయ్యి లోపల పెట్టే ముందు ఐసొలేటర్ (మిషన్‌కు కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) ఆపి, తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకోవాలి. మెడలో ఐడీ కార్డు తాడు, చేతికి కడియం లేకుండా పనిలోకి దిగాలి. దుమ్మును గాలి పైపుతో ఊదొద్దు, వ్యాక్యూమ్‌తో లాగాలి. 2001లో వాషింగ్టన్‌లోని బ్రెంట్‌వుడ్ కేంద్రానికి ఆంథ్రాక్స్ పొడి ఉన్న ఉత్తరాలు వచ్చి ఇద్దరు తపాలా ఉద్యోగులు చనిపోయారు. సార్టింగ్ మిషన్లను గాలితో ఊది శుభ్రం చేసే పద్ధతిని అమెరికా తపాలా శాఖ ఆ తర్వాతే మానేసింది. మామూలు రోజుల్లో ఊపిరితిత్తుల్లోకి పోయేది కాగితం దుమ్మే అయినా, గాలితో ఊదితే అది పక్క సెన్సర్ మీద కూడా పడుతుంది. గంటకోసారి ఆగే మిషన్ అరగంటకోసారి ఆగుతుంది.